పియోనీకి మూడేళ్లయినా ఒక్క మొగ్గా లేదు: లోతా, ఎండా, ఎరువా?

విభాగం: చలి ప్రాంతాల పెరటితోట › పూలమొక్కలు

పెరటిగుమ్మం | న్యూజెర్సీ, జోన్ 7 | జూన్ 8

అందరికీ నమస్కారం. మొక్క వివరాలు ముందే ఇస్తున్నాను. (పేరు పక్కన జోన్ అంటే చలికాలపు చలిని బట్టి అమెరికాలో వేసిన మండలం, అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ.)

రకం: సారా బెర్న్‌హార్ట్, లేత గులాబీ ముద్దపువ్వు. అక్టోబర్‌లో మూడు కళ్లున్న దుంప నాటాం, ఇది మూడో వసంతం. ఇంటికి తూర్పువైపు గోడకు మూడడుగుల దూరంలో ఉంది. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా నేరుగా ఎండ పడుతుంది. ఎర్ర బంకమట్టి నేల. ఏడు కాడలు, రెండడుగుల ఎత్తు, ఆకులు ముదురు ఆకుపచ్చ. మొగ్గ మాత్రం బఠాణీ గింజంతైనా కట్టలేదు. ఏటా మట్టి మీద కప్పుగా మూడంగుళాల మందాన చెక్కపొట్టు మల్చ్ వేస్తున్నాం. పక్కనే లాన్ ఉంది, దానికి ఏప్రిల్‌లో ఎరువు చల్లుతారు.

తప్పు ఎక్కడుంది?

మట్టివాసన | మిషిగన్, జోన్ 6 | జూన్ 8

ఎండ సరిపోతుంది. ఆరు గంటలు అంటే అంచు మీద ఉన్నట్టే కానీ, ఆరు గంటల ఎండకు కనీసం రెండు మూడు మొగ్గలైనా రావాలి. నా అనుమానం లోతు మీద. ఊహించుకోవద్దు, కొలవండి.

పార వాడకండి. ఒక కాడ పట్టుకుని దాని వెంటే చేతి వేళ్లతో గానీ పాత గరిటెతో గానీ మట్టి తీస్తూ పోండి. కాడ దుంపను కలిసే చోట, ఎర్రగా గులాబీ రంగులో చిన్న మొనలు కనిపిస్తాయి. చెరకు ముచ్చె మీద కన్ను ఎలా ఉంటుందో అలాగే. వచ్చే ఏడాది కాడలు వాటిలోంచే రావాలి. గుంట మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, కర్ర అడుగు నుంచి కంటి మొన దాకా స్కేలుతో కొలవండి. మల్చ్ మందం విడిగా రాసుకోండి.

మీ జోన్‌లో కన్ను మీద మట్టి ఒకటిన్నర నుంచి రెండంగుళాలు. అంతకు మించకూడదు. కంద పాతినట్టు జానెడు లోతున పెడితే మొక్క చావదు, అదే దీనితో వచ్చిన చిక్కు. ఆకులు పచ్చగా వస్తూనే ఉంటాయి, పూలు మాత్రం రావు.

కొలంబస్‌కాకర | ఒహాయో, జోన్ 6 | జూన్ 8

లోతు కొలవమన్నది సరే. ఆ లాన్ ఎరువును కూడా వదలొద్దు. సంచి మీద మూడు అంకెలు ఉంటాయి, మొదటిది నత్రజని. లాన్ సంచుల మీద అది 25, 30 దాకా ఉంటుంది. గడ్డి పెరగడానికి పెట్టిన మందు అది. చల్లే యంత్రం అంచుల దాకా విసురుతుంది, వాన పడితే పాదులోకి దిగుతుంది. ముదురాకుపచ్చ ఆకు, మొగ్గ సున్నా అన్న మాట వినగానే ముందు నత్రజనే గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. "పూయట్లేదు" అని ఎవరు రాసినా ముందు మూడింట్లో ఏదో తేల్చుకోవాలి, ఎందుకంటే మూడింటికీ కారణాలు వేరు.

అసలు మొగ్గే కట్టకపోతే కారణం లోతు, నీడ, నత్రజని, చెట్టు వేళ్ల పోటీ, లేదా మొక్క ఇంకా చిన్నదవడం. పోయిన ఏడు జూలైలోనే ఆకు కోసేసినా ఇంతే. పూలయ్యాక "అందంగా లేదు" అని కత్తిరిస్తారు చూడండి, అక్కడ పోతుంది. వచ్చే ఏటి మొగ్గకు కావలసిన తిండిని ఆకు వండేది ఆ వేసవిలోనే.

బఠాణీ గింజంత మొగ్గ కట్టి నల్లబడి ఎండిపోతే బూజు తెగులు, లేదా ఏప్రిల్ చివర్లో పడిన మంచు.

మొగ్గ పెద్ద నిమ్మకాయంత అయ్యి కూడా విచ్చుకోకుండా గోధుమరంగుకు తిరిగితే తామర పురుగులు, లేదా మే చివర్లో ఒక్కసారి కాసిన ఎండ. బాగా ముద్దగా ఉండే ఆలస్యపు రకాల్లో ఇది ఎక్కువ.

మీది మొదటి రకం.

పెరటిగుమ్మం | న్యూజెర్సీ, జోన్ 7 | జూన్ 9

కొలిచాను. కన్ను మీద మట్టి మూడున్నర అంగుళాలు. దాని మీద మల్చ్ మరో మూడు. ఎరువు సంచి మీద మొదటి అంకె 29.

నాటినప్పుడు రెండంగుళాలే పెట్టామని ఖచ్చితంగా గుర్తు. మరి లోతుకెలా దిగింది?

మట్టివాసన | మిషిగన్, జోన్ 6 | జూన్ 9

గుంట తవ్వి గుల్ల చేసిన మట్టి ఒక చలికాలం తిరిగేసరికి అణుగుతుంది, దుంప దానితోపాటు కిందికి పోతుంది. పైన పల్లం కనబడితే ఎవరో ఒకరు మట్టి పోసి చదును చేస్తారు. మల్చ్ కుళ్లి మట్టిగా మారి ఏటా ఇంకొంచెం చేరుస్తుంది. అలా ఒకటిన్నర అంగుళం తేడా రావడం మామూలే.

ఇప్పుడు దుంపను కదిలించకండి, సెప్టెంబర్ రెండో సగం దాకా ఆగండి. ఈరోజే చేయాల్సింది మల్చ్ మొత్తం లాగేయడం. మొక్క చుట్టూ అడుగు వెడల్పున ఒట్టి మట్టి కనబడాలి. పైన ఉన్న అదనపు మట్టిని కూడా ఒకటిన్నర అంగుళం గోకి తీసేయొచ్చు, అప్పుడు ఎత్తి నాటే పనే తప్పుతుంది.

మంచుమల్లి | మిన్నెసోటా, జోన్ 4 | జూన్ 10

చివరి వాక్యంతో నేను ఒప్పుకోను. ఎర్ర బంకమట్టి అని రాశారు కదా. బంకమట్టిలో మొక్క చుట్టూ గోకితే పళ్లెం తయారవుతుంది, వాన నీళ్లన్నీ సరిగ్గా దుంప తల మీద నిలుస్తాయి. పియోనీ 30 డిగ్రీల మైనస్ చలిని తట్టుకుంటుంది గానీ, నీళ్లలో నిలబడితే కుళ్లుతుంది. ఇసుక నేలయినా, వాలు ఉన్నా గోకండి. బంకమట్టి చదును నేలైతే సెప్టెంబర్‌లో ఎత్తి, చుట్టుపక్కల కంటే నాలుగంగుళాలు ఎత్తుగా మడి కట్టి నాటడమే దారి.

మట్టివాసన | మిషిగన్, జోన్ 6 | జూన్ 10

ఒప్పుకుంటున్నాను, బంకమట్టి అన్న మాట దాటేశాను. గోకొద్దు. మల్చ్ మాత్రం తీయండి.

గోంగూరడాలస్ | టెక్సస్, జోన్ 8 | జూన్ 10

మధ్యలో వస్తున్నాను. మా దగ్గర చాలామంది వీటిని ఏడాది మొక్కల్లా కొని పారేస్తున్నారు. జోన్ 8లో అసలు పూయించగలమా? చలికాలంలో మొక్క మొదలు దగ్గర ఐసుముక్కలు పోస్తే పూస్తుందని ఒక వీడియోలో చూశాను.

మంచుమల్లి | మిన్నెసోటా, జోన్ 4 | జూన్ 10

ఐసుముక్కలు షర్బత్‌లోకి ఉంచుకోండి :) దుంపకు కావాల్సింది వారాల తరబడి చలి. 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగువన రకాన్ని బట్టి 500 నుంచి 1000 గంటలు. ఒక ట్రే ఐసు నేలను చల్లబరిచేది పావుగంట, గట్టిగా చెప్పాలంటే అరగంట.

డాలస్‌లో చలి గంటలు బొటాబొటీగా వస్తాయి. హ్యూస్టన్‌లో ఆశ పెట్టుకోవద్దు. మీ దగ్గర గెలవాలంటే నాలుగు చూసుకోండి. లోతు: కన్ను మీద అరంగుళం, మహా అయితే అంగుళం, ఉన్న కాస్త చలీ దానికి తగలాలి కాబట్టి. మల్చ్: చలికాలంలో దుంప మీద అసలు వద్దు, వేసవిలో వేళ్ల మీద పలచగా, కాడల మొదళ్లకు తగలకుండా. చోటు: మధ్యాహ్నం రెండు తర్వాత నీడ. నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రకం. తొందరగా పూసేవి, రేకపూలు, నడుమ పసుపు కేసరాలతో ఉండే జపనీస్ తరహావి ఎంచుకోండి. మే ఎండలు ముదిరేలోగా వీటి పని అయిపోతుంది. కోరల్ చార్మ్ మంచి ఎంపిక. ముద్దపువ్వే కావాలంటే ఫెస్టివా మాక్సిమా. 1851 నాటి పాత రకం, తెల్లని పువ్వు నడుమ కుంకుమ చిందినట్టు ఎర్రటి మరకలు, దక్షిణాది రాష్ట్రాల్లో కూడా పేరున్నది. సారా బెర్న్‌హార్ట్ ఆలస్యంగా పూస్తుంది, మీ ఎండకు మొగ్గ లోపలే ఉడికిపోతుంది.

మిద్దెతోట | హైదరాబాద్ | జూన్ 11

ఇక్కడ పెళ్లి డెకరేషన్లలో ఈ పూలు చూస్తున్నాం, విదేశాల నుంచి తెప్పిస్తారట. ఆన్‌లైన్‌లో నీలం పియోనీ విత్తనాలు ప్యాకెట్ 149 రూపాయలకు అమ్ముతున్నారు. కుండీలో వేసి చూడొచ్చా? దుంపను ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపించి నాటితే?

కొలంబస్‌కాకర | ఒహాయో, జోన్ 6 | జూన్ 11

నీలం పియోనీ అన్నది లేదండీ. ఆ ఫొటోకు రంగు వేశారు. ఆ 149 రూపాయలకు వేపపిండి కొనుక్కోండి.

నిజమైన విత్తనమైనా ఓపిక పరీక్షే. ముందు మూడు నెలలు తడి, వెచ్చదనం ఉంటే కిందికి వేరు వస్తుంది. తర్వాత మూడు నెలలు చలి తగిలితేనే పైకి మొలక. పువ్వు చూడాలంటే నాలుగైదేళ్లు. అదీగాక ముద్ద రకాల విత్తనం నుంచి తల్లిలాంటి పువ్వు రాదు.

ఫ్రిజ్ సంగతి: తడి కొబ్బరిపీచులో రెండు మూడు నెలలు పెడితే దుంపకు చలి అందుతుంది, మొలకా వస్తుంది. తర్వాత? మార్చి ఎండకు ఆకు మాడుతుంది, వచ్చే ఏటికి తిండి దాచుకోలేదు, మళ్లీ తవ్వి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏటా చిక్కిపోతుంది. హైదరాబాద్ జనవరి రాత్రులు 10 డిగ్రీల సెల్సియస్ దాకా దిగడమే గొప్ప. మన దేశంలో పియోనీ లేకపోలేదు. పియోనియా ఎమోడీ అనే తెల్లని రేకపువ్వు కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండ అడవుల్లో దానంతట అదే పెరుగుతుంది. అక్కడ శీతాకాలం మంచు కప్పుకుని ఉంటుంది కాబట్టి.

మీ మిద్దె మీద అంత పెద్ద ముద్దపువ్వే కావాలంటే డాలియా పెట్టండి. అక్టోబర్‌లో నారు, 12 అంగుళాల కుండీ, జనవరికి పువ్వు.

పెరటిగుమ్మం | న్యూజెర్సీ, జోన్ 7 | జూన్ 12

పక్కింటివాళ్ల పియోనీ మొగ్గల నిండా చీమలు. మందు కొట్టాలా? చీమలు పాకితేనే పువ్వు విచ్చుకుంటుంది అంటున్నారు వాళ్లు.

మంచుమల్లి | మిన్నెసోటా, జోన్ 4 | జూన్ 12

రెండూ కాదు. మొగ్గ పైపొరల అంచున తీపి జిగురు ఊరుతుంది, చీమలు దానికోసం వస్తాయి. చీమ ఎక్కకపోయినా పువ్వు విచ్చుతుంది, ఎక్కినా చెడదు. పైగా మొగ్గను తినే చిన్న పురుగులను తరిమేస్తాయి. మందు కొట్టొద్దు. కోసిన పువ్వును ఇంట్లోకి తెచ్చే ముందు తలకిందులు చేసి దులపండి, అంతే.

మట్టివాసన | మిషిగన్, జోన్ 6 | జూన్ 12

కోత మాట వచ్చింది కాబట్టి: కూజాకు కోసేటప్పుడు విచ్చిన పువ్వు కోయకండి. మొగ్గను రెండు వేళ్ల మధ్య నొక్కితే గోళీలా గట్టిగా ఉంటే తొందరపడ్డట్టు, అది కూజాలో ఎప్పటికీ విచ్చదు. జున్నుముక్కలా మెత్తగా ఒత్తుకుంటే సరైన అదను. తెల్లవారుఝామున కోసి, ఆకులు తుంచి, నీళ్లు తగలకుండా న్యూస్‌పేపర్లో చుట్టి ఫ్రిజ్‌లో పడుకోబెడితే రెండు మూడు వారాలు ఆగుతుంది. ఆ ఫ్రిజ్‌లో పండ్లు ఉండకూడదు, ముఖ్యంగా యాపిల్, అరటి. వాటి నుంచి వచ్చే వాయువుకు మొగ్గ పాడవుతుంది. బయటికి తీశాక కాడ చివర అంగుళం కోసి గోరువెచ్చని నీళ్లలో పెట్టండి.

మొదటి రెండేళ్లు పొడుగు కాడతో ఒక్కటీ కోయొద్దు. ఆ తర్వాత కూడా మొత్తం కాడల్లో మూడోవంతు దాటొద్దు, కోసిన ప్రతి కాడ కింద రెండు మూడు ఆకులు మొక్కకు వదలండి. పూజకైతే ఏ ఇబ్బందీ లేదు. తొడిమ దగ్గరే తుంచి దేవుడి దగ్గరో, నీళ్లు పోసిన ఉరళిలోనో పెట్టుకుంటే మొక్కకు ఒక్క ఆకు నష్టం లేదు.

ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే ఆకులు నమలనివ్వకండి, వాంతులవుతాయి. జింకలు మాత్రం సాధారణంగా దీని జోలికి రావు, న్యూజెర్సీలో అదే పెద్ద వరం.

కొలంబస్‌కాకర | ఒహాయో, జోన్ 6 | జూన్ 14

తెగులు గురించి ఎవరూ రాయలేదు, వానలు మొదలయ్యాయి కాబట్టి రాస్తున్నా.

బూజు తెగులు, అంటే బొట్రైటిస్: ఏప్రిల్‌లో మొలక జానెడు ఎత్తుకు రాగానే మొదలు దగ్గర నల్లబడి, ఉడికిన తోటకూర కాడలా వాలిపోతుంది. లేదా మొగ్గ నల్లబడి, తడి రోజుల్లో దాని మీద బూడిదరంగు నూగు కనిపిస్తుంది. చూసిన నిమిషంలో మట్టి మట్టానికి కోసి, కవర్లో వేసి చెత్తబుట్టలో పడేయండి. కంపోస్టులో వేయొద్దు. ప్రతి కోతకూ మధ్య కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. తెగులు ప్రతి ఏడాదీ వచ్చే తోటల్లో మొలక రెండు నుంచి నాలుగంగుళాలు ఉన్నప్పుడే రాగి మందు మొదలుపెట్టి, వాన రోజులున్నంత కాలం 10 నుంచి 14 రోజులకోసారి కొట్టాలి. డబ్బా మీద పియోనీ పేరు ఉందో లేదో చూడండి. తెగులు పట్టాక కొడితే అప్పటికే పట్టిన కాడ బాగుపడదు.

ఆకు పైన నిగనిగలాడే ఊదా మచ్చలు వేరే శిలీంధ్రం. చూడ్డానికి తట్టులా ఉంటుంది, చంపదు. ఆగస్టులో ఆకు మీద విభూది రాసినట్టు వచ్చే బూడిద తెగులు తూర్పు రాష్ట్రాల్లో ఈమధ్య బాగా కనబడుతోంది, అప్పటికి పూలైపోయి ఉంటాయి కాబట్టి కంగారు పడక్కర్లేదు. ఆకు మీద పసుపు గీతలు, గుండ్రటి వలయాలు మాత్రం వైరస్ గుర్తు. దానికి మందు లేదు, మొక్కను తీసేయాలి, ముక్క చేసి ఎవరికీ పంచొద్దు.

అసలు మందు కంటే పెద్ద పని శరత్తులో ఎండిన ఆకంతా ఏరి పారేయడం. శిలీంధ్రం చలికాలం గడిపేది అందులోనే.

ఇంకోటి, మనవాళ్లకు ప్రత్యేకంగా. బియ్యం కడిగిన నీళ్లు, పుల్ల మజ్జిగ, పప్పు కడిగిన నీళ్లు రోజూ పాదులో పోసే అలవాటు కరివేపాకు కుండీతో ఆపండి. పియోనీ దుంప తల రోజూ తడిగా ఉంటే కుళ్లు పిలిచి తెచ్చుకున్నట్టే. నీళ్లు వారానికి ఒక అంగుళం వానకు సమానం, అదీ వేళ్ల మీద, ఆకు తడవకుండా. ఆగస్టులో మాత్రం మర్చిపోవద్దు. పూలు లేవని అందరూ అప్పుడే నీళ్లు మానేస్తారు, వచ్చే ఏటి కళ్లు తయారయ్యేది సరిగ్గా అప్పుడే.

గోంగూరడాలస్ | టెక్సస్, జోన్ 8 | జూన్ 15

ట్రీ పియోనీ కూడా అరంగుళం లోతునే కదా?

మంచుమల్లి | మిన్నెసోటా, జోన్ 4 | జూన్ 15

కాదు, కాదు! ఇక్కడ లెక్క తలకిందులు. చైనా లోయాంగ్‌లో ఏటా ఏప్రిల్‌లో ఉత్సవం జరిపేది ఈ ట్రీ పియోనీకే. చలికాలంలో చావకుండా నిలబడే కట్టె కొమ్మలు ఉంటాయి దీనికి. నర్సరీలో దొరికేవి చాలావరకు మామూలు పియోనీ వేరు మీద అంటుకట్టినవి. అంటు అతుకు మట్టిలో నాలుగు నుంచి ఆరంగుళాల లోతుకు పోవాలి, అప్పుడే పై కొమ్మకు సొంత వేళ్లు పుడతాయి. పైపైన నాటితే కింది వేరే గెలిచి, ట్రీ పియోనీ చచ్చి మామూలు పియోనీ మిగులుతుంది. మొక్క మొదలు దగ్గర్నుంచి ఆకు తీరు వేరుగా ఉన్న పిలకలు వస్తే అవే, పుట్టినచోటి నుంచే తెంపేయండి. శరత్తులో దీన్ని నేలమట్టంగా కోయకూడదు. కోస్తే వచ్చే ఏటి మొగ్గలన్నీ కోసినట్టే.

ఇక రెండింటి సంకరం ఇటో రకాలు. జపాన్‌లో తోయిచి ఇటో 1948లో ఆ సంకరం సాధించాడు, 1956లో చనిపోయాడు, ఆ మొక్కల పువ్వు ఆయన చూడలేదు. పసుపురంగు బార్ట్‌జెల్లా ఈ జాతిదే. నాటే లోతు మామూలు పియోనీలాగే. శరత్తులో నాలుగంగుళాల మోడు వదిలి కోయాలి, కొన్ని కళ్లు ఆ మోడు మీద కూడా ఉంటాయి. కాడలు గట్టివి కాబట్టి ఊతం అక్కర్లేదు. ధర మాత్రం రెండు మూడింతలు.

పెరటిగుమ్మం | న్యూజెర్సీ, జోన్ 7 | సెప్టెంబర్ 19

ఈ శనివారం ఎత్తబోతున్నాం. మల్చ్ జూన్‌లోనే తీశాం, లాన్ ఎరువు మూడడుగుల దూరంలోనే ఆపమని చెప్పాం. తవ్వడం ఎలా? మళ్లీ అదే గుంటలో పెట్టొచ్చా?

మట్టివాసన | మిషిగన్, జోన్ 6 | సెప్టెంబర్ 19

మంచి అదను. దసరా దీపావళి మధ్య రోజులు పియోనీకి ముహూర్తం అనుకోండి. నేల గడ్డకట్టడానికి ఆరు వారాల ముందు నాటితే చిన్న పీచు వేళ్లు పుట్టే సమయం దొరుకుతుంది.

కొత్త గుంట ముందు సిద్ధం చేయండి, మొక్క తర్వాత తీయండి. పాత గుంట వద్దు, అక్కడి తెగుళ్లన్నీ మట్టిలో కాచుకుని ఉంటాయి. కొత్త చోటు పెద్ద చెట్లకు దూరంగా, పక్క మొక్కకు మూడు నాలుగడుగులు ఎడంగా ఉండాలి. అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. తవ్విన మట్టిలో మూడోవంతు బాగా మాగిన కంపోస్టు, ఒక గుప్పెడు ఎముకల పొడి కలపండి. పచ్చి పశువుల ఎరువు వద్దు. సగం పైగా నింపి, ఒక బకెట్ నీళ్లు పోసి, ఒక రాత్రి వదిలేయండి. అణగాల్సింది ముందే అణుగుతుంది. ఈ ఒక్క పని చేసి ఉంటే మూడేళ్ల కిందటి దుంప దిగేది కాదు.

పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య కావాలి. మీ వైపు నేలలు పులుపు ఎక్కువ. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి మట్టి పరీక్షల ల్యాబ్ ఉంది, నమూనా పంపితే సున్నం ఎంత వేయాలో వాళ్లే చెబుతారు. చూడకుండా సున్నం చల్లొద్దు.

కొలంబస్‌కాకర | ఒహాయో, జోన్ 6 | సెప్టెంబర్ 20

తవ్వడం: ముందు కాడల్ని ఆరంగుళాలకు కోయండి. మొక్క నుంచి అడుగు దూరంలో చుట్టూ గడ్డపారతో గుచ్చి, తర్వాత కింద నుంచి ఎత్తండి. కాడ పట్టి లాగితే దుంప తల విరుగుతుంది. పైపుతో మట్టి కడిగి, నీడలో రెండు మూడు గంటలు ఉంచండి. అప్పుడే తీసిన వేరు ముల్లంగిలా పుటుక్కున విరుగుతుంది, కాస్త వాడాక వంగుతుంది.

కడిగాక నల్లగా, మెత్తగా ఉన్న భాగం కోసి పారేయండి. పీచు వేళ్ల మీద చిన్న గింజల్లాంటి బుడిపెలు గుత్తులుగా ఉంటే నులిపురుగు, ఫొటో పెట్టండి.

పెరటిగుమ్మం | న్యూజెర్సీ, జోన్ 7 | సెప్టెంబర్ 21

తీశాం. బుడిపెలు లేవు. ఒక చోట మెత్తగా ఉంటే కోసేశాం. లెక్కపెడితే తొమ్మిది కళ్లు. రెండు ముక్కలు చేయొచ్చా? ఒక పెద్ద వేరు విరిగి విడిగా వచ్చింది, దాని మీద కన్ను లేదు.

మంచుమల్లి | మిన్నెసోటా, జోన్ 4 | సెప్టెంబర్ 21

కన్ను లేని వేరు మొలవదు, పారేయండి.

తొమ్మిది కళ్లంటే నాలుగూ అయిదుగా రెండు చేయొచ్చు. ఒక్కో ముక్కకు మూడు నుంచి అయిదు కళ్లు, వాటికి తగ్గ లావు వేళ్లు ఉండాలి. ఒకటి రెండు కళ్ల ముక్కలు బతుకుతాయి గానీ పువ్వు ఇంకో రెండేళ్లు వెనక్కి పోతుంది. చోటు లేకపోతే విడదీయకుండా అలాగే నాటినా తప్పులేదు. పియోనీ తనంతట తాను విడదీయమని అడిగే మొక్క కాదు, కదపకపోతే యాభై ఏళ్లు ఒకే చోట పూస్తుంది.

కోయడానికి పదునైన పెద్ద కత్తి, ఆల్కహాల్‌తో తుడిచి. వేళ్లను ఆరేడు అంగుళాలకు కత్తిరించండి. కళ్లు పైకి చూస్తూ, గుంట మీద కర్ర అడ్డం పెట్టి, కంటి మొన నుంచి కర్రకు రెండంగుళాలు. మీది బంకమట్టి కాబట్టి ఒకటిన్నరే పెట్టండి. వేళ్ల సందుల్లోకి మట్టిని వేళ్లతో దూర్చండి, గాలి సంచులు ఉండకూడదు. కాలితో తొక్కొద్దు. నీళ్లు పోశాక మళ్లీ కొలవండి. దిగి ఉంటే అప్పుడే పైకి లేపండి.

మట్టివాసన | మిషిగన్, జోన్ 6 | సెప్టెంబర్ 21

ఈ మొదటి చలికాలానికి మాత్రం, నేల గడ్డకట్టాక, రెండు మూడంగుళాల గడ్డి కప్పండి. లేకపోతే నేల గడ్డకట్టి కరుగుతూ కొత్త దుంపను పైకి తోసేస్తుంది. మార్చిలో ఎర్రటి మొన కనబడక ముందే ఆ గడ్డి తీసేయాలి. రెండో ఏటి నుంచి ఇది అవసరం లేదు.

ఎరువు వచ్చే వసంతంలో వద్దు. రెండో ఏడాది మొలక మూడంగుళాలు ఉన్నప్పుడు సంచి మీద 5-10-10 అంకెలున్న ఎరువు పావు కప్పు, దుంప తలకు ఆరంగుళాల దూరంలో చుట్టూ చల్లి మట్టిలో కలపండి. మొలక జానెడు ఉండగానే తీగ రింగు అమర్చండి, మొగ్గలు వచ్చాక దూర్చాలంటే సగం కాడలు విరుగుతాయి. ముద్దపువ్వు వాన నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, రింగు లేకపోతే నేలకు మొహం ఆనిస్తుంది.

పెరటిగుమ్మం | న్యూజెర్సీ, జోన్ 7 | సెప్టెంబర్ 22

రెండూ నాటాం, నీళ్లు పోశాక మళ్లీ కొలిస్తే ఒకటిన్నర, ఒకటిన్నర. వచ్చే మేలో పువ్వు ఆశించొచ్చా?

మంచుమల్లి | మిన్నెసోటా, జోన్ 4 | సెప్టెంబర్ 22

వద్దు. వచ్చే మేలో ఒకటో రెండో మొగ్గలు వస్తే బఠాణీ గింజంత ఉన్నప్పుడే చిదిమేయండి, ఆ బలం వేరుకు పోతుంది. రెండో మేలో రెండు మూడు పూలు. మూడో మేలో మొక్క మొక్కలా ఉంటుంది. అప్పుడు ప్రతి కాడ కొసన ఉన్న పెద్ద మొగ్గ ఉంచి, పక్క మొగ్గలు తీసేస్తే పళ్లెమంత పువ్వు. తీయకపోతే చిన్నవి, కానీ వారం రోజులు ఎక్కువ పూస్తాయి. నేనైతే తీయను.

కొలంబస్‌కాకర | ఒహాయో, జోన్ 6 | సెప్టెంబర్ 23

ఇంకొక్కటి. రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు వదిలి గట్టి కర్రలు పాతి, రకం పేరు, తేదీ రాయండి. మార్కర్ సిరా ఒక్క వేసవికే చెరిగిపోతుంది, పెన్సిలుతో రాయండి, అది నిలుస్తుంది. మార్చి చివర్లో టొమాటో మడి తవ్వుతూ పార వేసేది సరిగ్గా మొలకల మీదే.

పెరటిగుమ్మం | న్యూజెర్సీ, జోన్ 7 | సెప్టెంబర్ 23

కర్రలు పాతాను. పెన్సిలుతోనే.